చేప బతికే ఉంది... మరి నీళ్లు మంచివేనా?

మస్కట్: శుక్రవారం పొద్దున మత్రా చేపల మార్కెట్‌కు వెళితే ఏదో ఒక మూల నుంచి తెలుగు మాట వినిపించకుండా ఉండదు. ఇక్కడివాళ్లు 'కనద్' అని పిలిచే చేప మన వంజరమే. దాని ధర దగ్గర బేరం, ముక్కలు ఎంత మందంగా కొట్టించాలన్న దగ్గర వాదన... అచ్చం మన కాకినాడ, విశాఖ రేవుల్లాగే ఉంటుంది. ఆ సందడి మధ్యే ఈమధ్య ఒక ప్రశ్న వినిపించింది. అడిగినాయన కడప జిల్లా వేముల మండలం వైపు మనిషి. ఒమన్ వచ్చి పదిహేనేళ్లు దాటింది, బర్కాలో డ్రైవరు. ఆయన అడిగింది స్కూల్లో సైన్సు చెప్పే ఓ విశాఖ మాస్టారిని.

"సారూ, ఒక మాట అడుగుతా. మా ఊరి దిక్కు బోరు నీళ్లలో యురేనియం ఉందంటాండారు. మొన్న ఫోన్ చేస్తే మా యమ్మ ఏమనిందంటే, 'కుంటలో చేపలు బాగనే తిరుగుతాండాయి నాయనా, నీళ్లకేం కాలేదు' అనింది. చేప బతికుంటే నీళ్లు మంచివే గదా సారూ?"

మాస్టారు కాసేపు ఆలోచించి, "బతికుండటం వేరు, బాగుండటం వేరు తమ్ముడూ. అది చేపను చూస్తే తెలీదు. దాని రక్తం చూడాలి" అన్నారు.

ఆ మాట అక్కడితో వదిలేసేది కాదు. నీళ్లలో రేడియేషన్ ఉంటే అది జీవుల జన్యువులను దెబ్బతీసిందా లేదా అన్నది చేప రక్తపు బొట్టుతో కనిపెట్టే పద్ధతి నిజంగానే ఉంది. దాదాపు యాభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు దాన్ని వాడుతున్నారు. సముద్రపు నీటినే తియ్యగా మార్చుకుని తాగే ఒమన్‌లో ఉన్న మనకు, ఊళ్లో బోరు నీళ్లు తాగే మనవాళ్లకు... ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఇది.

ఒమన్‌లో ఈ గొడవ మనకెందుకు?

మస్కట్‌లో మనం కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు వాన నీళ్లు కావు, నది నీళ్లు అంతకన్నా కావు. ఒమన్‌లో ఏడాది పొడవునా పారే పెద్ద నదే లేదు. కొండల్లోని వాదీలు, వందల ఏళ్లనాటి ఫలజ్ కాలువలు (వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది) పల్లెలకు, ఖర్జూర తోటలకు ఆధారం. పట్టణాలకు మాత్రం సముద్రమే దిక్కు. గుబ్రా, బర్కా, సొహార్, సూర్ తీరాల్లోని ప్లాంట్లు ఉప్పు నీటిని మంచినీరుగా మార్చి పంపుతాయి.

అందుకే ఇక్కడ సముద్రానికి జలుబు చేస్తే ఊరికి తుమ్మొస్తుంది. 2008 చివర్లో మొదలై 2009 దాకా సాగిన ఎర్ర నాచు ఉద్ధృతి (రెడ్ టైడ్) ఇక్కడున్న పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒమన్ తీరంలో చేపలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ నాచు దెబ్బకు పక్కనున్న ఎమిరేట్స్‌లో కొన్ని మంచినీటి ప్లాంట్లనే ఆపేయాల్సి వచ్చింది. నాచు కంటికి కనిపిస్తుంది, వాసన కొడుతుంది. రేడియేషన్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

గల్ఫ్ ఒడ్డున ఇప్పుడు రెండు అణు విద్యుత్ కేంద్రాలున్నాయి. ఇరాన్‌లోని బుషెహర్ 2011లో గ్రిడ్‌కు కలిసింది. అబుదాబి పడమటి తీరంలోని బరాకాలో మొదటి రియాక్టర్ 2020లో మొదలై, 2024కల్లా నాలుగూ పనిలోకి వచ్చాయి. మస్కట్ నుంచి గీత గీస్తే బరాకా 600 కిలోమీటర్ల పైనే, బుషెహర్ దాదాపు 950 కిలోమీటర్లు. పైగా అవి హోర్ముజ్ జలసంధికి అవతల లోపలి గల్ఫ్‌లో ఉన్నాయి, మస్కట్ ఉన్నది ఇవతలి ఒమన్ సముద్రం మీద. ఆ జలసంధిలో పైపొర నీరు లోపలికి వెళుతుంది, బాగా ఉప్పెక్కి బరువైన నీరు అడుగు నుంచి బయటికి వస్తుంది. అంటే రెండింటికీ రాకపోకలు ఉన్నాయన్నమాట.

2025 జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాలపై దాడులు జరిగినప్పుడు బుషెహర్ జోలికి వెళితే పరిణామాలు చాలా తీవ్రంగా ఉంటాయని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) అధిపతి గ్రోసీ హెచ్చరించారు. ఆ దాడుల్లో బుషెహర్ దెబ్బతినలేదు. కానీ ఆ పది పన్నెండు రోజులూ ఊళ్ల నుంచి ఫోన్లు... "నీళ్లు నిల్వ పెట్టుకున్నారా? చేపలు తినొచ్చా?" అని. ఆ కంగారులో ఎవరికీ సరైన జవాబు దొరకలేదు. దొరకాలంటే ముందు నీటిని పరీక్షించడం అంటే ఏమిటో తెలియాలి.

మీటరు చెప్పేది ఒకటి, చేప చెప్పేది ఒకటి

నీటిలో రేడియోధార్మికతను కొలవడానికి యంత్రాలున్నాయి. లీటరు నీటిలో సెకనుకు ఎన్ని అణువులు విచ్ఛిన్నం అవుతున్నాయో 'బెకరెల్' లెక్కలో చెబుతాయి. ఏ మూలకం ఎంత ఉందో కూడా విడదీసి చెప్పగలవు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దులున్నాయి... యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు, ట్రిటియం లీటరుకు 10 వేల బెకరెల్స్. ప్లాంట్లలోని రివర్స్ ఆస్మోసిస్ పొరలు సీసియం, స్ట్రాన్షియం లాంటి వాటిని చాలావరకు ఆపుతాయి. ట్రిటియం మాత్రం అలా చిక్కదు. అది హైడ్రోజన్‌కు అన్నదమ్ము. నీళ్లలో నీళ్లయిపోయి కలిసిపోతుంది.

అయితే యంత్రం చెప్పేది 'ఎంత ఉంది' అని మాత్రమే. 'అది ఒంట్లోకి వెళ్లి ఏం చేసింది' అన్నది యంత్రానికి తెలియదు. సీసియం పొటాషియం లాగా కండలోకి చేరుతుంది. రేడియం, స్ట్రాన్షియం కాల్షియం లాగా ఎముకలోకి చేరతాయి. నీటిలో కొంచెమే ఉన్నా ఒంట్లో పోగవుతుంది. పైగా ఒకరోజు పట్టిన సీసాడు నీళ్లు ఆ ఒక్కరోజు సంగతే చెబుతాయి. చేప అలా కాదు. రాత్రీ పగలూ ఆ నీళ్లలోనే ఉంటుంది, ఆ నీళ్లతోనే ఊపిరి తీస్తుంది, అందులో దొరికిందే తింటుంది. ఆ చెరువు చరిత్ర దాని ఒంట్లో రాసి ఉంటుంది. దాన్ని చదవడమే ఈ పరీక్ష.

ఒక్క రక్తపు బొట్టు చాలు

మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు. చేపల ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది. మనిషికి పరీక్ష చేయాలంటే తెల్లకణాలను తీసి ల్యాబ్‌లో పెంచాలి. చేపకు ఆ తిప్పలు లేవు. తోక దగ్గర నుంచో మొప్పల నుంచో ఒక్క బొట్టు రక్తం తీసి గాజు పలక మీద పలుచగా పూసి, ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే లక్షల కేంద్రకాలు కళ్లముందుంటాయి. జాగ్రత్తగా తీస్తే చేపను చంపక్కర్లేదు.

అక్కడ వెతికేది 'మైక్రోన్యూక్లియస్' కోసం... అంటే చిట్టి కేంద్రకం. రేడియేషన్ తగిలినప్పుడు కణంలోని డీఎన్‌ఏ పోగులు తెగుతాయి. రెండు పోగులూ ఒకేచోట తెగితే కణం సరిగా అతికించుకోలేకపోవచ్చు. కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములన్నీ రెండు జట్లుగా చెరోవైపు వెళతాయి. తెగిన ముక్క మాత్రం ఎటూ వెళ్లలేక మధ్యలో మిగిలిపోతుంది. పెళ్లి బస్సులు రెండూ వెళ్లిపోయాక మధ్యలో నిలబడిపోయిన పిల్లాడిలాగా! ఆ ముక్క చుట్టూ చిన్న పొర కట్టుకుని అసలు కేంద్రకం పక్కన చిన్న చుక్కలా కనిపిస్తుంది. సాధారణంగా అసలు దానిలో మూడోవంతు కన్నా చిన్నగా ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న చేపలో ఇవి చాలా అరుదు. అందుకే ఒక్కో చేపకు వెయ్యి, రెండు వేలు, ఇంకా ఎక్కువ కణాలు ఓపిగ్గా లెక్కపెట్టాలి. శుభ్రమైన నీటిలోని చేపల లెక్కతో పోల్చాలి. తేడా గట్టిగా ఉంటే ఆ నీటిలో జన్యువులను కొరికేది ఏదో ఉన్నట్టే.

రెండో పద్ధతి పేరు ఇంకా బాగుంటుంది... 'కామెట్' పరీక్ష. అంటే తోకచుక్క. చేప కణాలను జెల్‌లో పొదిగి, పొరలు కరిగించి, కరెంటు పెడతారు. చెక్కుచెదరని డీఎన్‌ఏ గుండ్రంగా ఉండలా ఉండిపోతుంది. తెగిన ముక్కలు ఒకవైపుకు జారి తోకలా సాగుతాయి. తోక ఎంత పొడవైతే నష్టం అంత ఎక్కువ. ఇప్పుడు అందరూ వాడే ఆల్కలైన్ కామెట్ పద్ధతిని 1988లో ప్రకటించిన బృందానికి ముందున్నది నరేంద్ర సింగ్ అనే మన భారతీయ శాస్త్రవేత్తే.

ఈ రెండింటికీ తేడా ఉంది. కామెట్ చూపించేది తాజా గాయం... తెగిన పోగుల్లో చాలావాటిని కణం కొన్ని గంటల్లోనే అతికించేసుకుంటుంది. మైక్రోన్యూక్లియస్ చూపించేది మిగిలిపోయిన మచ్చ... రోజుల నుంచి వారాల నాటిది. అందుకే రెండూ కలిపి చేస్తేనే మేలు.

బురద చేపతో మొదలైంది

ఈ విద్యకు ఓనమాలు దిద్దించింది 'మడ్‌మిన్నో' అనే చిన్న బురద చేప. చాలా చేపలకు 48, 50 దాకా చిట్టి చిట్టి క్రోమోజోములుంటే దీనికి 22 మాత్రమే, అవీ పెద్దవి. లెక్కపెట్టడం తేలిక. 1975లో అమెరికా శాస్త్రవేత్తలు క్రోమోజోముల నష్టం చూడటానికి ఇది అనువైన చేప అని చూపించారు. 1978లో నెదర్లాండ్స్‌వాళ్లు దాని దగ్గరి చుట్టాన్ని రైన్ నది నీళ్లలో ఉంచి, క్రోమోజోములు దెబ్బతినడం గమనించారు. 1982లో అదే దేశంలో చేప రక్తంలో మైక్రోన్యూక్లియస్‌లను లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. నీటిలోని జన్యు నష్టాన్ని చేపల మైక్రోన్యూక్లియస్‌లతో అంచనా వేయడంపై అల్ సబ్తీ, మెట్‌కాఫ్ 1995లో రాసిన సమీక్షను ఇప్పటికీ పరిశోధకులు ముందుగా తిరగేస్తారు.

జపాన్‌వాళ్లు వరి మళ్లలో తిరిగే 'మెదాకా' చేపను రేడియేషన్ పరిశోధనలకు దశాబ్దాలుగా వాడుతున్నారు. 1994లో ఆ చేపలు కొలంబియా నౌకలో అంతరిక్షానికీ వెళ్లి అక్కడే గుడ్లు పెట్టాయి. మన దేశపు వాగుల్లో పుట్టిన జీబ్రా చేప ఇప్పుడు ప్రపంచంలోని ల్యాబ్‌లన్నింటిలో ఉంది, హైదరాబాద్ సీసీఎంబీలో కూడా. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి జీబ్రా చేపలో జోడీలున్నాయని 2013లో తేలింది. లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరో శాస్త్రవేత్తలు కొర్రమీను కుటుంబానికి చెందిన మట్టగిడసపై మైక్రోన్యూక్లియస్, కామెట్ పరీక్షలు రెండూ చేశారు. అంటే ఇది మనకు తెలియని విద్యేమీ కాదు.

చెర్నోబిల్ చెరువు ఏం చెప్పింది?

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. పక్కనే రియాక్టర్‌ను చల్లబరచే పెద్ద చెరువు. అందులో చేపలు చచ్చిపోలేదు. పెరిగాయి, బాగా పెద్దవయ్యాయి కూడా. చూసినవాళ్లు ఏమీ కాలేదనే అనుకున్నారు. కానీ 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆ చెరువులోని క్యాట్‌ఫిష్‌ల డీఎన్‌ఏ, దూరంగా ఉన్న చేపలకన్నా ఎక్కువగా తెగి ఉన్నట్టు తేలింది. కడప తల్లి అన్నమాటకు ఇదీ జవాబు... చేప తిరుగుతూనే ఉంది, లోపల పోగులు తెగుతూనే ఉన్నాయి.

నాణేనికి రెండో వైపూ చెప్పాలి. ప్రమాదం జరిగి మూడు దశాబ్దాలు గడిచాక అదే ప్రాంతపు సరస్సుల్లోని చేపలను పరిశీలించి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఎక్కువ కాలుష్యమున్న చోట పెర్చ్ చేపల్లో గుడ్లు ఎదగడం ఆలస్యమైనట్టు కనిపించింది. అదే నీటిలోని రోచ్ అనే మరో రకానికి అలాంటి ఇబ్బంది లేదు. చేపలు మొత్తంమీద ఆరోగ్యంగానే ఉన్నాయి. ఒకే నీరు రెండు చేపలను రెండు రకాలుగా తాకుతుంది. కాబట్టి ఒక్క చేపను చూసి తీర్పు చెప్పేయకూడదు.

ఫుకుషిమా నీటిని 2023 ఆగస్టులో సముద్రంలోకి వదలడం మొదలుపెట్టే ముందే, 2022లోనే అక్కడి కంపెనీ ఆ శుద్ధి చేసిన నీటిని సముద్రపు నీటిలో కలిపి చేపలను పెంచడం ప్రారంభించింది. ఒంట్లోని ట్రిటియం చుట్టూ ఉన్న నీటి స్థాయిని మించలేదని, మామూలు సముద్రపు నీటిలోకి మారిస్తే తగ్గిపోయిందని చూపించింది. ఇది చేపలో 'ఎంత ఉంది' అన్నదాని లెక్క. జన్యువుల లెక్క వేరు. జనానికి నమ్మకం కలగాలంటే రెండూ కావాలి.

చేపను ఎంతవరకు నమ్మాలి?

చేప మంచి సాక్షే. కానీ దొంగ పేరు చెప్పలేని సాక్షి! 'దెబ్బ తగిలింది' అని చెబుతుంది, 'ఎవరు కొట్టారు' అని చెప్పలేదు. పురుగుమందులు, క్రోమియం వంటి లోహాలు, ముడి చమురులోని కొన్ని పదార్థాలు కూడా మైక్రోన్యూక్లియస్‌లను పుట్టిస్తాయి. ఓడలు, ట్యాంకర్లు తిరిగే ఒమన్ తీరంలో చేప రక్తంలో తేడా కనిపించిందంటే ముందు అనుమానించాల్సింది చమురునే.

చమురులోనూ రేడియేషన్ మెలిక ఉంది. భూమి లోతుల నుంచి చమురుతో పాటు వచ్చే నీటిలో సహజంగానే కొంత రేడియం ఉండొచ్చు. పైపుల్లో పొరలు పొరలుగా పేరుకుంటుంది. ప్రపంచమంతా చమురు కంపెనీలకు ఇది తెలిసిన సమస్యే. దక్షిణ ఒమన్‌లోని నిమ్ర్ చమురు క్షేత్రంలో ఒక పీపా చమురుకు దాదాపు పది పీపాల నీరు వస్తుంది. ఆ నీటిని శుద్ధి చేయడానికి ఎడారి మధ్యలో ఎకరాలకు ఎకరాలు రెల్లు మడులు పెంచుతున్నారు. అక్కడ పనిచేసిన మనవాళ్లు వాటిని చూసే ఉంటారు.

ప్రకృతి కూడా తికమక పెడుతుంది. దోఫార్ తీరంలో ఖరీఫ్ గాలులకు సముద్రపు అడుగు నీరు పైకి వస్తుంది. అక్కడి మిర్బాత్ ఆల్చిప్పల్లో కాడ్మియం ఎక్కువగా కనిపిస్తే, కారణం ఫ్యాక్టరీలు కాదు, ఆ అడుగు నీరేనని పరిశోధకులు భావించారు. అందుకే మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, పోల్చడానికి శుభ్రమైన చోట పెరిగిన అదే రకం చేపలు ఉండాలి. రెండు, ఉష్ణోగ్రత, వయసు, కాలం ఒకేలా ఉండాలి. మూడు, నీటిలో ఏముందో యంత్రంతో కొలిచిన లెక్క పక్కనే ఉండాలి. మీటరు, చేప... రెండూ ఒకే మాట చెబితేనే నమ్మాలి.

ఒమన్‌కు ఇందుకు తగిన చేప చేతిలోనే ఉంది. వాదీల్లో, తీరపు మడుగుల్లో కనిపించే వేలెడంత అరేబియన్ కిల్లీఫిష్ మంచినీటిలోనూ బతుకుతుంది, సముద్రం కన్నా ఉప్పైన నీటిలోనూ బతుకుతుంది. దోమ పిల్లలను తింటుంది కాబట్టి మలేరియా అదుపుకూ వాడారు. 2009 నుంచి ఒమన్ ఐఏఈఏలో సభ్యదేశం. సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. ఏ గొడవా లేని రోజుల్లోనే చేపల మామూలు లెక్క రాసిపెట్టుకుంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు పోల్చుకోవడానికి ఉంటుంది. జ్వరం వచ్చాక కొలిస్తే సరిపోదు, మామూలు వేడి ఎంతో ముందే తెలిసుండాలి.

మళ్లీ మన ఊరికి...

తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో పని మొదలైంది. వ్యర్థాల చెరువు నుంచి ఊటలు దిగి బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల పల్లెల రైతులు చెబుతూ వచ్చారు. యురేనియం కార్పొరేషన్ ఆ మాట ఒప్పుకోలేదు, ఆ నేలలో యురేనియం సహజంగానే ఉందంది. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసిచ్చింది. ఆ వాదన ఎలా తేలినా, బోరు నీళ్లు తాగే ఇంటికి కావాల్సింది ఒక్కటే... ఈ నీళ్లు తాగొచ్చా, వద్దా?

అక్కడా మొదటి అడుగు నీటి పరీక్షే. యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటితే తాగడానికి వేరే నీళ్లు చూసుకోవాలి. ఆ స్థాయిలో యురేనియం రేడియేషన్ కన్నా ముందు కిడ్నీలకు చేటు చేస్తుంది. కాచినంత మాత్రాన అది పోదు. ఇంకిపోయిన కొద్దీ చిక్కబడుతుంది. మంచి ఆర్‌ఓ ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది. చేప పరీక్ష రెండో అడుగు. ఆ బోరు నీళ్లను తొట్టెల్లో పోసి, మంచినీళ్ల తొట్టె పక్కన పెట్టి, రెండింట్లోనూ మట్టగిడసలను కొన్ని వారాలు ఉంచి రక్తం పోల్చడం జిల్లా కాలేజీల్లోనూ చేయగలిగిన పని. పెద్ద ఖర్చు లేదు. కావాల్సింది మైక్రోస్కోపు, రంగు, ఓపిక.

గల్ఫ్ నుంచి ఊరికి డబ్బు పంపేవాళ్లు ఇల్లు కట్టిస్తారు, గుడికి ఇస్తారు, బోరు వేయిస్తారు. బోరు వేయించేటప్పుడే ఆ నీటికి పరీక్ష కూడా చేయించండి. కాగితం మీద అంకె చూశాకే ఇంట్లోవాళ్లను తాగనివ్వండి. ఇక్కడ మస్కట్‌లో చేపలు మానేయాల్సిన పనేమీ లేదు. వదంతి వచ్చినప్పుడల్లా కంగారుపడి సీసాలు నింపుకోవడం కన్నా, పరీక్ష ఫలితాలేవని అడగడం మేలు.

మత్రాలో ఆ డ్రైవరన్న మాస్టారి మాటలన్నీ విని వంజరం ముక్కలు సంచిలో వేసుకున్నాడు. వెళ్లబోతూ ఆగి అన్నాడు: "అయితే ఈ తూరి మా యమ్మకు ఫోన్ చేసినప్పుడు, చేపల్ని కాదు, నీళ్లను చూపించుకోమని చెప్తా సారూ. సీసాలో పట్టి కడపకు పంపీమంటా."

మొదటి అడుగు అదే.